మేడ మీది కరెంటు ఏ ధరకు, ఏ తేదీకి?

మేడ మీద సోలార్ పలకలు పెట్టించుకోండి, మిగిలిన కరెంటును గ్రిడ్‌కు అమ్ముకోండి అని ప్రభుత్వాలు ఊరూరా చెబుతున్నాయి. కేంద్రం 2024 ఫిబ్రవరిలో రూ.75,021 కోట్లతో ఆమోదించిన పీఎం సూర్యఘర్ పథకం కోటి ఇళ్లకు చేరాలన్నది లక్ష్యం. రెండు కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు రూ.30 వేలు, మూడో కిలోవాట్‌కు రూ.18 వేలు, ఎంత పెట్టించినా మొత్తం రూ.78 వేలు దాటకుండా రాయితీ ఇస్తున్నారు. హైదరాబాద్‌లో సొంతిల్లు, ఎండ తగిలే డాబా ఉన్నవారు ఈ అవకాశాన్ని వదులుకోవద్దనే మేమూ అంటాం. అయితే అమ్మకం పేరు చెప్పి ఆశ పెట్టడం మాకు సమ్మతం కాదు. ఈ పథకంలో లాభం అమ్మకంలో కన్నా ఆదాలోనే ఎక్కువ.

లెక్క చూడండి. నెలకు 350 యూనిట్లు కాల్చే ఇంటికి మొదటి 200 యూనిట్లు రూ.5.10 చొప్పున, తర్వాతి వంద రూ.7.70 చొప్పున, ఆపై యాభై రూ.9 చొప్పున పడతాయి. స్థిర చార్జీలు, సుంకం కాక రూ.2,240. ఒక కిలోవాట్ పలకలు రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తాయి. అలా 150 యూనిట్లు తగ్గించుకుని వాడకాన్ని 200కు దించితే స్లాబే మారి, మొదటి యూనిట్ల రేటు కూడా తగ్గిపోతుంది, బిల్లు రూ.820కి వస్తుంది. అంటే ఆ 150 యూనిట్లు ఒక్కొక్కటీ తొమ్మిది రూపాయలకు పైగా మిగిల్చాయి. అదే ఇంట్లో అవసరానికి మించి పెద్ద ప్లాంటు పెట్టిస్తే, గ్రిడ్‌కు పోయిన మిగులుకు దక్కేది కరెంటు పంపిణీ సంస్థలైన డిస్కంల సగటు కొనుగోలు ధర మాత్రమే. పైస్లాబు రేటుతో పోలిస్తే అది బాగా తక్కువ. గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు బిల్లే కట్టని అర్హులకైతే ఈ ఖర్చుతో పని లేదు.

ఈ విషయంలో డిస్కంలను తప్పుపట్టలేం. పలకలు కరెంటిచ్చేది మిట్టమధ్యాహ్నం, నగరంలో దీపాలు వెలిగేది సాయంత్రం. మధ్యాహ్నం ఇచ్చిన యూనిట్‌కు రాత్రి యూనిట్ తిరిగివ్వడమే వినియోగదారుకు పెద్ద మేలు. మా అభ్యంతరం మిగులు లెక్క మీద. రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి 2016లో తెచ్చిన నెట్ మీటరింగ్ (గ్రిడ్‌కు ఇచ్చినదీ, తీసుకున్నదీ సరిచూసి బిల్లు వేసే పద్ధతి) నిబంధనలు ఆరు నెలలకోసారి, జూన్‌లో, డిసెంబరులో లెక్క తేల్చమంటున్నాయి. ఆ ధర ఎంతో, ఎన్ని యూనిట్లు జమ అయ్యాయో, డబ్బు ఏ రోజు ఖాతాలో పడుతుందో ప్రతి నెలా బిల్లు మీదే అచ్చు కావాలి. మనం బిల్లు ఆలస్యం చేస్తే సర్‌చార్జీ వేస్తారు. వాళ్లు మిగులు సొమ్ము ఆలస్యం చేస్తే వడ్డీ ఇవ్వడమే న్యాయం.

విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలకు 2024లో చేసిన సవరణ ప్రకారం పది కిలోవాట్ల లోపు ప్లాంట్లకు సాంకేతిక పరిశీలన పేరుతో అడ్డుపుల్ల వేయకూడదు. ఇది దరఖాస్తుదారుల్లో ఎంతమందికి తెలుసు? కరెంటు పోతే మామూలు సోలార్ ప్లాంటూ ఆగిపోతుందన్న సంగతి కూడా అమ్మేవారు ముందే చెప్పాలి. లైన్ మీద పనిచేసే సిబ్బంది ప్రాణరక్షణ కోసం చేసిన ఏర్పాటు అది.

అసలు చిక్కు అపార్ట్‌మెంట్లది. మియాపూర్ నుంచి గచ్చిబౌలి దాకా వందల ఫ్లాట్లకు కలిపి ఉండేది ఒకే డాబా. అందులోనూ సగం వాటర్ ట్యాంకులు, వాటి నీడలే. లిఫ్టు, బోరు మోటారు, మెట్ల దీపాల వంటి ఉమ్మడి అవసరాలకు సంక్షేమ సంఘాలు ప్లాంటు పెడితే కిలోవాట్‌కు రూ.18 వేల రాయితీ ఉంది. సంఘాలు వెంటనే అందుకోవలసిన సాయమిది. ఫ్లాటు లోపలి బిల్లు తగ్గాలంటే మాత్రం ఒకచోట పుట్టిన కరెంటును పలువురి మీటర్లకు పంచి జమకట్టే వర్చువల్ నెట్ మీటరింగ్ కావాలి. దీనికి ఢిల్లీ నియంత్రణ మండలి 2019లోనే మార్గదర్శకాలిచ్చింది. మన నగరంలోనూ మామూలు ఫ్లాటు యజమాని దరఖాస్తు పెట్టుకుని, తన వాటా యూనిట్లను తన బిల్లులో చూసుకోగలగాలి. అద్దెకుండేవారికీ ఆ వాటా దక్కే మార్గం ఆలోచించాలి. వచ్చే టారిఫ్ విచారణలో మండలి ఈ రెండు అంశాలనూ, అంటే మిగులు సొమ్ముకు గడువునూ, ఫ్లాట్ల వాటానూ, విడిగా చేపట్టి ఆదేశాలివ్వాలని కోరుతున్నాం.