బొమ్మే కదా, ఎలా చేస్తే ఏంటి?

"సిమ్యులేషన్ ల్యాబ్‌లో ఇన్‌స్ట్రక్టర్ పని మార్కులు వేయడం, ఆదర్శంగా ఉండటం కాదు" అనే మెసేజ్ మళ్లీ తిరుగుతోంది. (సిమ్యులేషన్ ల్యాబ్ అంటే నర్సింగ్ విద్యార్థులు మనిషిలాంటి బొమ్మని పేషెంట్‌గా పెట్టుకుని పని నేర్చుకునే చోటు.) పంపుతున్నది నర్సింగ్ పాఠాలు చెప్పేవాళ్లే కాబట్టి ఊరుకోలేకపోతున్నాను.

"ల్యాబ్ ఉత్త ఆట, అసలు చదువు వార్డులోనే" అన్నది మొదటి పాయింటు. అమెరికా నర్సింగ్ బోర్డుల మండలి 2014లో ప్రచురించిన అధ్యయనంలో క్లినికల్ గంటల్లో సగం సిమ్యులేషన్‌కి ఇచ్చినా ఫలితాలు తగ్గలేదు. కాకపోతే అక్కడ శిక్షణ పొందిన ఫ్యాకల్టీ ఉన్నారు. సరే, ముందుకెళ్దాం.

రెండోది వింటే ఒళ్లు మండుతుంది. "బొమ్మకి ఇన్‌ఫెక్షన్ రాదు, చేసి చూపించేటప్పుడు హ్యాండ్ రబ్ (చేతులకి శానిటైజర్ రుద్దుకోవడం), పేషెంట్ పేరు అడగడం వదిలేయొచ్చు." బొమ్మకి యాంటీబయాటిక్ కూడా అక్కర్లేదు, మరి ఐవీ ఎందుకు పెడుతున్నట్టు? "చేతులు రుద్దుకున్నాను అనుకోండి" అని మేడమ్ అన్నప్పుడు విద్యార్థులు నేర్చుకునేది రుద్దుకోవడం కాదు, అనుకోవడం. వార్డులో పని మీద పడ్డప్పుడు బయటికొచ్చేది అదే. 1961లో మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా ప్రయోగంలో పెద్దవాళ్లు బొమ్మని కొట్టడం చూసిన పిల్లలు, ఎవరూ చెప్పకుండానే, అదే తీరులో కొట్టారు. అక్కడా బొమ్మే కదా! పోనీ టైమ్ లేదంటారా, హ్యాండ్ రబ్‌కి పట్టేది 20 నుంచి 30 సెకన్లు. మందు ఇచ్చే ముందు చేతి బ్యాండ్ చదవడం, ముట్టుకునే ముందు "ఇప్పుడు బీపీ చూస్తానండీ" అని బొమ్మతో చెప్పడం, "ఈ డోసు నాకు గుర్తు లేదు, చూసి చెప్తాను" అని పిల్లల ముందు ఒప్పుకోవడం: ఇవేవీ స్లైడ్ల మీద నేర్పేవి కావు.

మూడోది, "తప్పు చేస్తే అందరి ముందు దులిపితేనే గుర్తుంటుంది." ఉంటుంది, సందేహమే లేదు. తప్పు బయటపడకుండా చూసుకోవాలన్నది బాగా గుర్తుంటుంది. రేపు డోసు తేడా వస్తే ఇన్‌ఛార్జ్‌కి చెప్పే ధైర్యం ఎక్కణ్నుంచి వస్తుంది? కేసు అయ్యాక కూర్చుని మాట్లాడుకునే డీబ్రీఫింగ్‌లో "ఆ క్షణంలో ఏం ఆలోచించావు?" అని అడగడానికి గొంతు పెంచక్కర్లేదు.

చివరిది, "చేసి చూపిస్తే కాపీ కొడతారు." ఇందులో మాత్రం మెసేజ్ రాసినవాళ్లదే కరెక్ట్. చూపించిన కేసునే వెంటనే పరీక్షగా పెడితే అప్పజెప్పేస్తారు, అది అంచనా వేయడం కాదు. అందుకే వేరే కేసులో చూపించాలి, అదీ ఆలోచన పైకి వినపడేలా: "శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) పడుతోంది, ముందు పేషెంట్‌ని చూస్తాను, తర్వాత ప్రోబ్ (దాన్ని కొలిచే వేలి క్లిప్పు) సరిగ్గా ఉందో చూస్తాను." విద్యార్థులు చేయాల్సిన సినారియో (ల్యాబ్ కేసు) మొదలయ్యాక నోరు కట్టేసుకుని వెనక్కి జరగాలి. మనలో చాలామందికి కష్టమయ్యేది అక్కడే.