అజుమినో వాస్తవ్యులు వాయో గారికి

మహారాజశ్రీ వాయో ల్యాప్‌టాప్ గారికి, బెంగళూరు మారతహళ్ళి నుంచి ఒక తెలుగు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి నమస్కరించి వ్రాయునది.

పాత కంప్యూటర్లు కూడా అమ్మే మా ఊరి ఎస్పీ రోడ్డుకు చేరిన ఎంతటి యంత్రమైనా ‘సెకండ్ హ్యాండ్’ అనిపించుకోక తప్పదు. తమరు మాత్రం యజమానులు మారినా ‘ప్రీమియం’ బిరుదును వదులుకోలేదు. అందుకు ముందుగా అభినందనలు.

1996లో సోనీ ఇంట పుట్టి, మరుసటి ఏడాదే మెగ్నీషియం మేనితో, ఊదారంగు ఛాయతో పలుచని నోట్‌బుక్‌గా అవతరించారు. సమావేశంలో తెర కొన్నవాడి వైపు, లోగో ఉన్న మూత ఎదుటివాడి వైపు ఉండేవి గనుక, డబ్బు చెల్లించినవాడికన్నా ఎదురుగా కూర్చున్నవాడికే తమ వల్ల ఎక్కువ తృప్తి కలిగేది. 2001లో ఆపిల్ అధిపతి స్టీవ్ జాబ్స్ హవాయిలో, తమ కంపెనీ మ్యాక్ ఓఎస్‌తో నడుస్తున్న తమ యంత్రాన్నే పట్టుకుని సోనీ పెద్దల కోసం ఎదురుచూశారని అప్పటి సోనీ అధ్యక్షుడు ఆండో తరువాత చెప్పారు. తమవారేమో విండోస్ పనిలో తలమునకలై ఉండి ఆసక్తి చూపలేదట. తీరిక లేకపోవడం కూడా గొప్పవారి లక్షణమే కదా!

2010-11లో సుమారు 87 లక్షల యంత్రాలు అమ్ముడైన వైభవం చూసినవారు, 2014 ఫిబ్రవరిలో సోనీ తమను జపాన్ ఇండస్ట్రియల్ పార్ట్‌నర్స్ అనే పెట్టుబడి సంస్థకు దత్తత ఇస్తుందని ఊహించలేదు. మమకారం చావక కాబోలు, 5 శాతం వాటా మాత్రం తన దగ్గరే ఉంచుకుంది. ఆ జూలై 1న జపాన్ నగానో ప్రాంతంలోని అజుమినోలో దాదాపు 240 మందితో కొత్త కాపురం పెట్టి, ఆడంబరాలు తగ్గించి, కార్యాలయాల ఖాతాదారులను వెతుక్కుంటూ, రెండో ఆర్థిక సంవత్సరానికే నిర్వహణ లాభం చూపించారు. మేము ఆరాధించినన్నాళ్లూ నిలదొక్కుకోలేక, మా కంటికి దూరమయ్యాక కోలుకోవడం మా అభిరుచికి ఇచ్చిన కితాబుగానే స్వీకరిస్తున్నాము.

2021 జనవరిలో ఫ్లిప్‌కార్ట్ ద్వారా మా దేశానికి తిరిగివచ్చినప్పుడు పేరు తమదే, తయారీ మాత్రం హాంకాంగ్‌కు చెందిన నెక్స్‌ట్‌గో వారిది. మూత మీది అక్షరాలకు మొక్కేవారికి లోపలివారు ఎవరన్న పట్టింపు ఉండదని తమకెవరో చక్కగా చెప్పి ఉంటారు. 2025 జనవరిలోనేమో దుకాణంలో అమ్ముడుపోవలసిన తమరిని దుకాణమే కొనేసింది: ఎలక్ట్రానిక్స్ విక్రేత నొజిమా సుమారు 1,120 కోట్ల యెన్‌లకు 93 శాతం వాటా చేజిక్కించుకుంది.

తమరిప్పుడు ఆఫీసు కొలువుకే దరఖాస్తు పెట్టుకున్నారు గనుక ఒక మనవి. ఇక్కడి కంపెనీలు మాకిచ్చే నల్లని ల్యాప్‌టాప్‌ల మూత మీద ఆస్తి సంఖ్య గల చీటీ అంటిస్తారు, అదీ సరిగ్గా లోగో మీదే. కొనుగోలు విభాగం వారి పట్టికలో ప్రాసెసరుకు, ర్యామ్‌కు, వారంటీకి గడులుంటాయి గాని, ప్రతిష్ఠకు గడి ఉండదు. ధర చెప్పేటప్పుడు తమరు దానిని కలుపుకోకుండా ఉంటే మంచిది.

ఇట్లు,
తమ పూర్వ ఆరాధకుడు