షుగర్ తగ్గింది విటమిన్ డి వల్లేనా?

పిల్లాడికి టైప్ 1 డయాబెటిస్ అని తేలిన కొన్ని వారాలకు చాలా ఇళ్లలో ఒక ఆశ మొదలవుతుంది. ఇన్సులిన్ డోసు తగ్గుతూ వస్తుంది, మీటర్‌లో అంకెలు మామూలుగా కనిపిస్తుంటాయి. సరిగ్గా అప్పుడే రక్తపరీక్షలో విటమిన్ డి తక్కువుందని తేలి, వారానికో సాచెట్ వాడుతుంటారు. ఈ రెండింటినీ ముడిపెట్టి ‘డి వల్లే తగ్గింది, ఇక ఇంజెక్షన్ మానేయొచ్చేమో’ అనుకుంటారు. బంధువులు, వాట్సాప్ గ్రూపులు ఆ మాటకు బలమిస్తాయి. ప్రాణం మీదకు తెచ్చే పొరపాటు ఇది.

టైప్ 1లో శరీరపు రోగనిరోధక వ్యవస్థే క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను నాశనం చేస్తుంది. జబ్బు బయటపడేనాటికి కొన్ని కణాలు ఇంకా మిగిలి ఉంటాయి. బయటి నుంచి ఇన్సులిన్ అందగానే వాటి మీద భారం తగ్గి, మళ్లీ కొంత పనిచేస్తాయి. డాక్టర్లు దీన్ని హనీమూన్ దశ అంటారు. కొందరిలో కొన్ని నెలలు, కొందరిలో ఏడాది దాటి కూడా ఉంటుంది. సాచెట్ ముట్టని పిల్లల్లోనూ ఇది వస్తుంది, వెళ్లిపోతుంది. దీన్ని నమ్ముకుని ఇన్సులిన్ ఆపేస్తే రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు పెరిగి వాంతులు, కడుపునొప్పి, ఆయాసంతో ఆ బిడ్డ ఐసీయూకి చేరొచ్చు.

అలాగని విటమిన్ డి మీద ఆశ ఊరికే పుట్టిందేమీ కాదు. టైప్ 1 ప్రపంచంలోకెల్లా ఎక్కువగా కనిపించే దేశం ఫిన్లాండ్. అక్కడి ఉత్తర ప్రాంతంలో 1966లో పుట్టిన 10 వేల మందికి పైగా పిల్లల వివరాలతో 2001లో ఒక అధ్యయనం వచ్చింది. తొలి ఏడాదిలో రోజూ 2000 ఐయూ (విటమిన్లను కొలిచే యూనిట్లు) విటమిన్ డి క్రమం తప్పకుండా అందిన పిల్లల్లో, అంతకన్నా తక్కువ అందినవారితో పోలిస్తే, టైప్ 1 ముప్పు దాదాపు 80 శాతం తక్కువగా కనిపించింది. అది జబ్బు రాకముందు, పసితనంలో ఇచ్చిన డోసు. పైగా అది పరిశీలన మాత్రమే. చుక్కలు రోజూ మరవకుండా వేసే ఇళ్లు మరెన్నో విషయాల్లోనూ వేరుగా ఉండొచ్చు.

జబ్బు వచ్చాక ఇస్తే? అమెరికాలో 10 నుంచి 21 ఏళ్ల మధ్య 36 మందిపై జరిగిన ప్రయోగంలో, హనీమూన్ దశలో విటమిన్ డి ఇచ్చినప్పుడు బీటా కణాల పనితీరు తగ్గిపోయే వేగం మందగించినట్టు సూచనలు దొరికాయి. నాకు ఇది నిజంగా ఆసక్తి కలిగించిన ఫలితం. కానీ 36 మంది చాలా చిన్న సంఖ్య, వాళ్లంతా ఇన్సులిన్ వాడుతూనే ఉన్నారు.

మరి టైప్ 1 ఉన్న బిడ్డకు విటమిన్ డి ఎందుకివ్వాలి? ఎముకల కోసం. టైప్ 1 ఉన్నవారిలో ఎముకలు విరిగే ముప్పు ఇతరుల కంటే ఎక్కువ. దీనితోపాటు కొందరు పిల్లల్లో గోధుమ పడని సీలియాక్ జబ్బు కూడా ఉంటుంది, అప్పుడు తిన్న విటమిన్ డి ఒంటికి సరిగా పట్టదు. 2016–18 జాతీయ పోషకాహార సర్వేలో 10–19 ఏళ్ల పిల్లల్లో 24 శాతం మందికి విటమిన్ డి లోపం ఉందని తేలింది. కాబట్టి పరీక్షించి, తక్కువుంటే డాక్టర్ చెప్పినన్నాళ్లు వాడడం సరైన పనే. కోర్సు అయిపోయాక మెడికల్ షాపులో మళ్లీ మళ్లీ 60 వేల ఐయూ సాచెట్లు కొనడమే ప్రమాదం. డోసు మితిమీరితే రక్తంలో కాల్షియం పెరిగి దాహం, అతిమూత్రం, వాంతులు వస్తాయి. షుగర్ పెరిగినా ఇవే లక్షణాలు. ఏది ఏదో తెలియక ఇంట్లో వాళ్లు తికమకపడతారు.

మనది ఎండల ప్రాంతం కదా, లోపం ఎందుకుంటుందని అడుగుతారు. తిరుపతిలో జరిగిన పరిశోధనలు ఈ భ్రమను ఏనాడో తొలగించాయి. నగరంలోనే కాదు, చుట్టుపక్కల పల్లెల్లోనూ లోపం బయటపడింది. చర్మం విటమిన్ డి తయారుచేసుకునేది ముఖ్యంగా పదకొండు, రెండు గంటల మధ్య ఎండలో. ఆ వేళకు మన పిల్లలు తరగతి గదిలో ఉంటారు. డయాబెటిస్ ఉన్న బిడ్డకు ఉన్న కాస్త ఆటను కూడా మనమే మాన్పిస్తున్నాం. లో షుగర్ వస్తుందని ఇంట్లో టెన్షన్, మాకెందుకీ బాధ్యత అని స్కూల్లో భయం. కార్బోహైడ్రేట్ ఉంటుందని కొందరు పాలు కూడా ఆపేస్తారు. గ్లాసుకు పది, పన్నెండు గ్రాములని లెక్కేసుకుని దానికి తగ్గ ఇన్సులిన్ ఇస్తే పాలు మానాల్సిన పనే లేదు.

సాచెట్ మీద పెట్టే శ్రద్ధలో కొంతైనా షుగర్ చూసే స్ట్రిప్పుల మీద, ఇన్సులిన్ చల్లగా దాచడం మీద, స్కూల్ టీచర్లకు చెప్పుకోవడం మీద పెట్టాలని నా వాదన. సీబీఎస్‌ఈ 2017 నుంచే డయాబెటిస్ ఉన్న విద్యార్థులను షుగర్ మాత్రలు, పండ్లతో పరీక్ష హాల్లోకి రానిస్తోంది. రోజువారీ పీఈటీ పీరియడ్‌కూ అలాంటి నియమం మన రాష్ట్రాల ప్రతి బడిలో ఉండాలి. ఆటకు ముందు ఒకసారి షుగర్ చూసుకోవాలి, జేబులో గ్లూకోజ్ ఉండాలి. వణుకు, చెమటలు పట్టి పిల్లాడు తడబడితే వెంటనే మూడు చెంచాల చక్కెర ఇచ్చి, పావుగంట తర్వాత మళ్లీ పరీక్షించాలని పీఈటీ సార్‌కి తెలిసి ఉండాలి.