ట్యాంకు కథ ముగిసిందన్న మెసేజీకి ఒక పాత దఫేదారు జవాబు

మా ఊరు దేవరకొండ దగ్గర. పొద్దున అయిదింటికే సాగర్ రోడ్డు మీద పరుగు తీసే పిల్లలు ఆరేడుగురు ఉన్నారు, అగ్నివీర్ భర్తీకి తయారవుతున్నారు. వాళ్ళలో మా పక్కింటి పిల్లవాడు, వరసకు మనవడు, పోయిన ఆదివారం ఫోన్ పట్టుకొచ్చి నా ముందు కూర్చున్నాడు. "తాతా, నువ్వు ట్యాంకుల్ల చేసినవ్ గద. ఇది నిజమేనా? నాకు ఆర్మర్డ్ వస్తే వద్దనాల్నా?"

వాడు చూపించిన మెసేజీ నాకు అంతకు ముందే నాలుగు చోట్ల నుంచి వచ్చింది. మీకూ వచ్చే ఉంటుంది. దాని సారాంశం ఇది: ఉక్రెయిన్ యుద్ధంతో ట్యాంకు కథ ముగిసింది, నలభై వేల రూపాయల డ్రోన్ కోట్ల రూపాయల ట్యాంకును పేల్చేస్తోంది. రష్యా ట్యాంకులు అగ్గిపెట్టెలు, మన దగ్గరున్నవీ అవే. అయినా కొంటున్నారంటే అది కమీషన్ల కోసమే, కాబట్టి ట్యాంకు దళాలను మూసేయాలి. రేపటి యుద్ధం బటన్లతో జరుగుతుంది, సిపాయిలతో పని లేదు. చివర్లో ఒక ముక్క: "ట్యాంకుల్లో పనిచేసిన మాజీ సైనికులే ఈ మాట చెబుతున్నారు."

నేను ఇరవై నాలుగేళ్ళు టీ-72 అనే రష్యా రకం ట్యాంకు మీద పనిచేశాను. డ్రైవరుగా మొదలుపెట్టి, గన్నర్ అయి, ట్యాంకు కమాండరుగా, దఫేదారుగా (ట్యాంకు దళంలో హవల్దారును అట్లా అంటారు) దిగిపోయాను. శత్రు ట్యాంకు మీద గుండు కాల్చే రోజు నాకు రాలేదు. 2001 డిసెంబరు నుంచి, పార్లమెంటు మీద దాడి తర్వాత సైన్యాన్ని సరిహద్దుకు తరలించిన ఆపరేషన్ పరాక్రమ్‌లో పది నెలలు రాజస్థాన్ సరిహద్దులో ఆ ఇనుములోనే తిని, ఆ ఇనుము పక్కనే పడుకున్నాను. ఆ మాత్రం అర్హతతోనే రాస్తున్నాను. నల్లగొండలో క్యాంటీన్ సామాను ఇచ్చే రోజు మాలాంటి వాళ్ళం పది మంది కలుస్తాం. డ్రోన్ గురించి భయపడేవాళ్ళున్నారు, మన తయారీ చాలడం లేదని తిట్టేవాళ్ళున్నారు. దళాన్ని మూసేయాలన్నవాడు మాత్రం ఒక్కడూ నాకు తగల్లేదు. మా పేరు వాడుకోకండి.

ముందు డ్రోన్ సంగతి. అందులో ఉన్న నిజాన్ని దాచను. 2020లో ఆర్మీనియా, అజర్‌బైజాన్ నగోర్నో కరబాఖ్ ప్రాంతం కోసం చేసిన 44 రోజుల యుద్ధంలో ఆర్మీనియా ట్యాంకులను డ్రోన్లు వేటాడాయి. అమెరికా ఉక్రెయిన్‌కు ఇచ్చిన 31 అబ్రామ్స్ ట్యాంకులను 2024 ఏప్రిల్లో డ్రోన్ల భయంతోనే ముందు వరస నుంచి వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. మాకు నేర్పినట్టు స్క్వాడ్రన్‌లోని ట్యాంకులన్నీ బారులు తీరి మైదానంలో దూసుకుపోయే కాలం పోయింది. ఇది చిన్న మార్పు కాదు.

కానీ చవక వస్తువు ఖరీదైన ట్యాంకును చంపడం కొత్త సంగతా? 1965 సెప్టెంబరులో పంజాబులోని అసల్ ఉత్తర్ దగ్గర పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకులతో వచ్చింది. ఆ రోజుల్లో అవి ఎంతో గొప్ప ట్యాంకులు. గ్రెనేడియర్స్ నాలుగో బెటాలియన్ హవల్దార్ అబ్దుల్ హమీద్ వాటిని దేంతో కొట్టాడు? జీపు మీద బిగించిన 106 మిల్లీమీటర్ల గన్నుతో. చెరకు తోటల చాటు నుంచి కొట్టి, చోటు మార్చి, మళ్ళీ కొట్టి, సెప్టెంబరు 10న ప్రాణం ఇచ్చాడు. పరమవీర చక్ర వచ్చింది. అదే పోరులో మన వైపు పాత షెర్మన్ ట్యాంకులతో నిలబడ్డది డెక్కన్ హార్స్, మన దక్కన్ పేరు పెట్టుకున్న రెజిమెంటు. మన లెక్క ప్రకారం పాకిస్తాన్ అక్కడ 97 ట్యాంకులు పోగొట్టుకుంది. కాలువ గట్లు తెంచి పొలాలను నీళ్ళతో నింపి, బురదలో దిగబడేట్టు చేసి కొట్టారు. జీపు గెలిచింది కాబట్టి ట్యాంకు పని అయిపోయిందని మన సైన్యం అనుకోలేదు. ఆరేళ్ళకు, 1971 యుద్ధంలో, బసంతర్ నది దగ్గర ట్యాంకులతోనే గెలిచింది, అదీ ఇంజనీర్లు మందుపాతరలు ఏరుతూ దారి తీస్తుంటే, ఆ వెనకనే ట్యాంకులు కదిలి.

1973లో సినాయ్ ఎడారిలో ఇజ్రాయెల్ ట్యాంకులు పదాతి దళం తోడు లేకుండా ముందుకు దూకి, ఈజిప్టు సైనికులు భుజాన మోసుకొచ్చిన స్యాగర్ అనే ట్యాంకులను కొట్టే క్షిపణులకు బలయ్యాయి. ట్యాంకు చచ్చిందని అప్పుడూ రాశారు. ఇజ్రాయెల్ ట్యాంకులను వదిలేయలేదు, వాటికి తోడుగా పదాతిని, ఫిరంగులను, పొగ తెరను కలిపింది.

మా సూర్యాపేట పెద్దలకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. 1948 సెప్టెంబరు పోలీసు యాక్షన్‌లో విజయవాడ వైపు నుంచి మునగాల మీదుగా వచ్చిన భారత సైన్యాన్ని ఆపడానికి, నిజాం బలగాలు వెనక్కి పోతూ మూసీ వంతెనను పేల్చేశాయి. వంతెన బాగు చేసే మనుషులు వెంట ఉన్నారు గనుక దళం ముందుకు సాగింది, లేకుంటే ఎంత బండి అయినా ఒడ్డున నిలబడాల్సిందే. ట్యాంకు ఒంటరిగా బతికే జంతువు కాదు. మందలో ఉంటేనే దానికి బలం.

ఇంకొకటి ఆలోచించండి. డ్రోన్ల సంగతి ఉక్రెయిన్ సైన్యం కంటే బాగా ఎవరికి తెలుసు? అప్పటి ఆ సైన్యాధిపతి వలేరీ జలుజ్నీ 2022 డిసెంబరులో బహిరంగంగా అడిగింది 300 ట్యాంకులు, 600 నుంచి 700 పదాతి పోరాట వాహనాలు, 500 ఫిరంగులు. డ్రోన్ కందకంలో ఉన్నవాణ్ణి చంపుతుంది. ఆ కందకంలోకి దిగి దాన్ని మనదనిపించేది మనిషే. ఆ మనిషి బయలు దాటి అక్కడిదాకా చేరాలంటే చుట్టూ ఇనుము కావాలి.

ఇక అగ్గిపెట్టె మాట. టీ-72లో గుండ్లను తనంతట తానే నింపే చక్రం ఒకటి ఉంటుంది, టరెట్ (గన్ను బిగించి ఉండే, చుట్టూ తిరిగే పై భాగం) కింద, మా కాళ్ళ కిందే. అందులో 22 గుండ్లు. మిగతావి మా పక్కనే అక్కడా ఇక్కడా సర్దుతాం. లోపలికి దెబ్బ తగిలి మందు అంటుకుంటే టరెట్ ఎగిరిపోతుంది, ముగ్గురిలో ఎవరూ మిగలరు. ఆ వీడియోలు అబద్ధం కావు. వాటి మీద కూర్చుని ఇరవై నాలుగేళ్ళు గడిపినవాణ్ణి, నాకు తెలియని లోపం కాదది. అది మార్చుకోవాల్సిన లోపమే.

అయితే రష్యా దెబ్బతిన్నది దాంతోనేనా? 2022 ఫిబ్రవరి చివర్లో కీవ్ నగరం వైపు 64 కిలోమీటర్ల పొడవున రష్యా వాహనాల బారు రోడ్డు మీద రోజుల తరబడి నిలిచిపోయింది. దాన్ని అంతసేపు అక్కడ కూర్చోబెట్టింది ఒక్క శత్రువే కాదు. డీజిలు అందలేదు. తిండి పొట్లాల మీద గడువు తేదీ 2015 అని ఉంది. ఏళ్ళ తరబడి కదపకుండా ఒకేచోట నిలబెట్టిన బండ్ల టైర్లు బురదలో చీలిపోయాయి. ఆ డీజిలుకు, ఆ పొట్లాలకు, ఆ టైర్లకు కాగితాల మీద లెక్క సరిగ్గానే ఉండి ఉంటుంది. అదే రష్యాలో రక్షణ శాఖ ఉపమంత్రిగా ఉన్న తిమూర్ ఇవనోవ్‌ను 2024 ఏప్రిల్లో అరెస్టు చేశారు. 2025 జులైలో నిధులు కాజేసిన కేసులో 13 ఏళ్ళ శిక్ష పడింది. యుద్ధం మధ్యలో ఉన్న దేశం తన ఉపమంత్రినే జైల్లో పెట్టుకుందంటే లోపల ఎంత తిని ఉంటారో ఊహించుకోండి.

ఉక్రెయిన్ పులుకడిగిన ముత్యమేం కాదు. 2023 జనవరిలో అక్కడి పత్రికలు బయటపెట్టాయి, అంగట్లో ఏడు హ్రివ్నాలకు (అక్కడి డబ్బు) దొరికే గుడ్డును సైన్యానికి 17 హ్రివ్నాలకు కొన్నట్టు ఒప్పందం రాసుకున్నారని. ఆ గుడ్లను రక్షణ మంత్రి ఒలెక్సీ రెజ్నికోవ్ తిన్నాడని ఎవరూ తేల్చలేదు, కానీ ఆ సెప్టెంబరులో ఆయన పదవి పోయింది. 2024 జనవరిలో మరో సంగతి: లక్ష మోర్టారు గుండ్లకు సుమారు 4 కోట్ల డాలర్లు ముందే కట్టారు, ఒక్క గుండూ రాలేదు. కందకంలో కూర్చున్నవాడికి ఆ లక్ష గుండ్లు అంటే ఏమిటో మెసేజీలు రాసేవాళ్ళకు ఎట్లా చెప్పాలి? ఎదుటి కాల్పులను ఆపడానికి తన వెనక నుంచి పోవాల్సిన గుండ్లవి.

నా అనుభవం ఒకటి చెబుతాను. 2002 ఎండాకాలం. మా ట్యాంకు ఇంజనుకు కొత్త రబ్బరు పైపులు వచ్చాయి. పెట్టె మీద ముద్రలన్నీ సరిగ్గా ఉన్నాయి, తనిఖీ చేసినట్టు సంతకాలూ ఉన్నాయి. బిగించిన నాలుగో రోజు ఒకటి నిలువునా పగిలింది. నీళ్ళన్నీ పోయి ఇంజను కాగి ఆగిపోయింది. ఇసుకలో 41 టన్నుల బరువు, కదలదు. నేను పగిలిన పైపును కత్తితో కోసి చూశాను. రబ్బరు పొరల మధ్య ఉండాల్సిన బట్ట పొర లేదు. ఆ బట్ట డబ్బులు ఎవరి జేబులోకి పోయాయో నాకు తెలియదు. వేరే ట్యాంకు పైపు తీసి పెట్టుకుని సాయంత్రానికి కదిలాం. యుద్ధం మొదలు కాలేదు కాబట్టి మేం ముగ్గురం బతికాం. ఆ రోజే మొదలై, ఆగిపోయిన మా బండిని ఎవడైనా తీరిగ్గా గురిచూసి కొట్టి ఉంటే, ఫోటో కింద ఏమని రాసేవారు? క్షిపణి దెబ్బకు టీ-72 ధ్వంసం అని. పైపు సంగతి ఫోటోలో కనబడదు. ఉక్రెయిన్ నుంచి వచ్చే కాలిన ట్యాంకు ఫోటో చూసినప్పుడల్లా, కొట్టినవాడి కంటే ముందు దాన్ని అక్కడ ఆపినవాడెవడా అనే నాకు అనుమానం.

అందుకే మూడో మాట, కమీషన్ల మాట, నన్ను ఎక్కువ బాధపెట్టింది. కోపం సరైనదే. మాజీ సైనికుడిగా నాకు రావాల్సిన భూమి కాగితం కోసం ఒక ఆఫీసు చుట్టూ తిరిగి, చెయ్యి తడపమంటే తడపనని రెండేళ్ళు పోగొట్టుకున్నవాణ్ణి. కానీ ఆ కోపంతో మెసేజీ చేరిన చోటు తప్పు. బోఫోర్స్ చూడండి. 1986 మార్చిలో 1,437 కోట్ల రూపాయలకు ఫిరంగులు కొన్నారు. 1987 ఏప్రిల్లో స్వీడన్ రేడియో ముడుపుల సంగతి బయటపెట్టింది, 64 కోట్లని ఆరోపణ. కేసు ఏళ్ళకేళ్ళు నడిచింది, శిక్ష పడ్డవాడు లేడు. 1999లో అవే ఫిరంగులు కార్గిల్ కొండల మీద మన పిల్లల ప్రాణాలు కాపాడాయి. లంచం ఆరోపణ వచ్చిందని ఫిరంగి పనికిరానిది కాలేదు, ఫిరంగి బాగుందని లంచం మాఫీ కాదు. ఈ రెండు మాటలను కలిపి ఒకే ముద్ద చేయడం వల్ల ఏం జరిగింది? దొంగ తప్పించుకున్నాడు. కొనే అధికారులు సంతకం పెట్టడానికే జంకారు. మళ్ళీ కొత్త 155 మిల్లీమీటర్ల ఫిరంగులు, ఎం-777, కే-9 వజ్ర, సైన్యంలో చేరేసరికి 2018 నవంబరు వచ్చింది. ముప్పై ఏళ్ళకు పైగా. కొనడం ఆపితే అవినీతి ఆగదు. పాత సామానుకు నకిలీ పైపులు అమ్మేవాడు బాగుపడతాడు.

అడగాలంటే అడగాల్సినవి వేరే ఉన్నాయి. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2017లో పార్లమెంటుకు ఇచ్చిన నివేదికలో ఉంది: 2016 సెప్టెంబరు నాటికి 152 రకాల మందుగుండులో 61 రకాలు పది రోజుల యుద్ధానికి కూడా చాలవు. ఆ తర్వాత ఏం చేశారు? విడిభాగాలను తనిఖీ చేసి సంతకం పెట్టినవాడి పేరు ఎక్కడ రాసి ఉంటుంది? మన ఎంపీలను ఈ ప్రశ్నలు అడిగిన మెసేజీ ఒక్కటి నాకు ఇప్పటిదాకా రాలేదు.

బటన్ల యుద్ధం గురించి ఎక్కువ చెప్పను. 2020 జూన్ 15 రాత్రి లద్దాఖ్‌లోని గల్వాన్‌లో చైనా సైన్యంతో పోరులో మన వాళ్ళు ఇరవై మంది చనిపోయారు. వాళ్ళకు నాయకుడు సూర్యాపేట బిడ్డ, 16 బీహార్ రెజిమెంటు కల్నల్ సంతోష్ బాబు. ఆ పోరు రాళ్ళతో, ఇనుప కడ్డీలతో, గడ్డకట్టే నీళ్ళలో జరిగింది. రెండున్నర నెలల తర్వాత ఆగస్టు చివర్లో మన వాళ్ళు లద్దాఖ్‌లోనే కైలాస్ శ్రేణి శిఖరాలు ఎక్కినప్పుడు, 15 వేల అడుగుల పైన రెచిన్ లా కనుమ మీద వాళ్ళకు అండగా నిలబెట్టింది ట్యాంకులనే. సూర్యాపేటలో సంతోష్ బాబు విగ్రహం ముందు నుంచి రోజూ పోయేవాళ్ళే ఈ మెసేజీ పంపుతుంటే నాకు కష్టంగా ఉంది.

పిల్లవాడికి ఇదంతా చెప్పలేదు, వాడికి పరుగుకు ఆలస్యమవుతోంది. ఆర్మర్డ్ వస్తే పొమ్మన్నాను. డ్రోన్ నడపడం కూడా నేర్చుకో, రెండూ కావాలన్నాను. 2002 నాటి ఆ పైపు ముక్క ఇంకా నా ట్రంకు పెట్టెలోనే ఉంది. తీసి వాడి చేతిలో పెట్టి, అది ఎక్కడిదో చెప్పాను. కోసిన అంచును వేలితో రెండు సార్లు తడిమాడు.

"మరి సంతకం పెట్టినోన్ని ఎవ్వరు అడగలేదా తాతా?"

రిపోర్టు రాసి పంపామని చెప్పాను. జవాబు రాలేదని కూడా చెప్పాను.