“ఎలాగూ చచ్చే చేపలే” అన్న మెసేజ్‌కి నా జవాబు

అక్టోబర్ వచ్చిందంటే చాలు, సియాటిల్ చుట్టుపక్కల తెలుగువాళ్ళ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతుంది. ఈసారి నాకు మూడు చోట్ల నుంచి వచ్చింది. అందులో ఉన్నది ఇదీ: సియాటిల్ పక్కనున్న ఇసాక్వా ఊరి వాగులోకి సాల్మన్లు వచ్చేశాయి. సాల్మన్, స్టీల్‌హెడ్ ఏవైనా గుడ్లు పెట్టాక చచ్చిపోయేవే, కాబట్టి పట్టుకుంటే తప్పు లేదు. ఇవి మన పులసల్లాంటివి, ఎదురీదినవే రుచి. చేత్తో పడితే లైసెన్సు అక్కర్లేదు. ఇక్కడి ఆదివాసీలు (నేటివ్ అమెరికన్లు) ఏకంగా వలలే వేస్తున్నారు, మనల్నెవరు అడుగుతారు? పెద్ద వాన పడే రోజు వెళ్ళండి, పిల్లల్ని కూడా తీసుకెళ్ళండి.

నేనూ గాలం వేసేవాణ్ణే, చేప తినేవాణ్ణే. అందుకే ఇది చూసి ఊరుకోలేకపోతున్నాను.

చచ్చిపోయేది గుడ్లు పెట్టాక. మీరు పట్టేది పెట్టకముందు. అసలు సంగతంతా అక్కడే ఉంది. ఆ చేప సముద్రం నుంచి సియాటిల్‌లో సముద్రానికీ సరస్సుకీ మధ్య కాలువ మీదున్న బల్లార్డ్ లాకుల (నీటి గేట్ల) దగ్గర 21 మెట్ల చేపల నిచ్చెన ఎక్కి, వాషింగ్టన్ సరస్సు దాటి, సమామిష్ నదిలో ఎదురీది, సమామిష్ సరస్సు కూడా దాటితేగానీ ఈ వాగుకు చేరదు. దారిలో వేసవి చివరి నీళ్ళు ఒక్కోసారి 20 డిగ్రీల సెల్సియస్ దాటి, ఈ చల్లనీటి చేపకి కాగినట్టే ఉంటాయి. ఇంత చేసి వచ్చిన ఆడ చినూక్‌ని (సాల్మన్లలో పెద్ద రకం) ఒకసారి వంతెన మీద నిలబడి చూడండి. పక్కకి ఒరిగి, తోకతో గులకరాళ్ళను టపటపా కొట్టి గుంట తవ్వుతుంది. తోక అంచు అరిగిపోయి తెల్లగా కనిపిస్తుంది. ఆ గుంటలో వేల గుడ్లు పెట్టి, మళ్ళీ రాళ్ళతో కప్పుతుంది. చేత్తో పడదామని వాగులో దిగినవాళ్ళ బూట్ల కింద నలిగేవి ఆ గుడ్లే. అవి చలికాలమంతా ఆ రాళ్ళ కిందే ఉంటాయి.

ఇక చచ్చిన చేప వృథా అనుకోవడం కూడా పొరపాటే. ఆ కళేబరాన్ని పురుగులు తింటాయి, పురుగుల్ని ఏడాదికి పైగా వాగులోనే పెరిగే కోహో (ఇంకో రకం సాల్మన్), స్టీల్‌హెడ్ పిల్లలు తింటాయి. సముద్రం నుంచి చేప మోసుకొచ్చిన నత్రజని ఒడ్డున ఉన్న చెట్లలో కూడా కనబడింది. అందుకే ఈ వాషింగ్టన్ రాష్ట్రంలో హేచరీల్లో (చేప పిల్లల్ని పెంచే కేంద్రాల్లో) చనిపోయిన చేపల్ని వలంటీర్లు మళ్ళీ వాగుల్లో వేసి వస్తారు.

స్టీల్‌హెడ్ సంగతి వేరు. అది సముద్రానికి పోయొచ్చిన రెయిన్‌బో ట్రౌట్, జాతి ఒక్కటే. గుడ్లు పెట్టాక అన్నీ చావవు, కొన్ని సముద్రానికి పోయి మళ్ళీ వస్తాయి. ఇక్కడి అడవి స్టీల్‌హెడ్ 2007 నుంచి, చినూక్ 1999 నుంచి ముప్పులో ఉన్న జీవుల జాబితాలో ఉన్నాయి.

పులస మాట దగ్గర నాకు నిజంగా బాధేసింది. ఎర్రనీరు రాగానే గోదారిలో ఎదురీదే పులసకి ఆ రుచి ఉంది కాబట్టే పుస్తెలమ్మైనా తినాలన్నారు. కానీ ఆ లెక్క సాల్మన్‌కి పనికిరాదు. మంచినీళ్ళలోకి వచ్చాక సాల్మన్ తిండి మానేస్తుంది. ఒంట్లో కొవ్వునూ కండనూ కరిగించుకుంటూ ఈదుతుంది. వాగుకు చేరేసరికి మాంసం పాలిపోయి మెత్తబడుతుంది, ఒంటి మీద తెల్లటి బూజు మచ్చలు లేస్తాయి. దాన్ని పులుసులో వేస్తే ముక్క నిలవదు. రుచి కావాలంటే వెండిలా మెరుస్తూ సముద్రంలో ఉన్నప్పుడో, నదీముఖం దగ్గరో పట్టినది తినాలి.

చేత్తో పట్టినా, కొక్కెంతో ఒంటికి గుచ్చి లాగినా నేరమే. 15 ఏళ్ళు నిండినవాళ్ళకి లైసెన్సు తప్పనిసరి. పిల్లలకి లైసెన్సు అక్కర్లేకపోయినా సాల్మన్ పట్టాలంటే, పట్టిన చేపని నమోదు చేసే క్యాచ్ కార్డు ఉండాలి.

ఆదివాసీల వలలు ఎవరూ అడగక వేసినవి కావు. అమెరికా ప్రభుత్వంతో చేసుకున్న 1854-55 ఒప్పందాల్లో ఈ నేలంతా వదులుకుంటూ వాళ్ళు అట్టిపెట్టుకున్నది చేపల హక్కు. పట్టదగిన చేపల్లో సగం దాకా వాళ్ళ వాటా అని 1974లో జడ్జి బోల్ట్ తీర్పు ఇచ్చాడు. వాళ్ళ లెక్కలు వాళ్ళు రాస్తారు, చేపలు పట్టే కాలాలు రాష్ట్రంతో కలిసి ఖరారు చేస్తారు. ఆ హక్కుని మన దొంగతనానికి సాకుగా చూపడం అన్యాయం.

వాన విషయంలో మాత్రం సగం నిజముంది. శరదృతువులో మొదటి వానకి నది పొంగితే చేప బాగా కదులుతుంది. అయితే పడుతున్న రోజు నీరంతా బురద, గాలం దండగ. వాన వెలిసి ఏరు తీస్తూ, నీరు ఆకుపచ్చగా తేరుకుని రెండు మూడు అడుగుల లోతు కనబడే రోజున, స్కైకోమిష్ లాంటి నదిలో చేపలు పట్టే కాలం తెరిచి ఉందో లేదో చూసుకుని వెళ్ళండి. చిన్న వాగుల్లో ఆ మొదటి వాన ఇంకో పని చేస్తుంది. టైర్ల అరుగుదల పొడిని రోడ్ల మీద నుంచి కడిగి తెస్తుంది. అందులోని 6పీపీడీ-క్వినోన్ అనే రసాయనం కోహోలను గంటల్లో చంపుతుందని 2020లో తేలింది. గుడ్లు కడుపులో ఉండగానే చచ్చి తేలిన కోహోని చూసి “ఎలాగూ చచ్చేదే” అనకండి.

కూరకి చేపే కావాలంటే సరస్సులున్నాయి. చలి పడి పైనీళ్ళు చల్లబడ్డాక ట్రౌట్ ఒడ్డు దగ్గరికి వస్తుంది. నవంబరులో థాంక్స్‌గివింగ్ ముందు కొన్ని సరస్సుల్లో రాష్ట్రమే రెయిన్‌బో ట్రౌట్ వదులుతుంది. లైసెన్సు తీసుకుని వెళ్ళి పట్టుకోండి, నేనూ వస్తాను.

పిల్లల్ని తీసుకెళ్ళమన్న మాట ఒక్కటి ఒప్పుకుంటాను. 1936లో కట్టిన ఇసాక్వా హేచరీ దగ్గరికి తీసుకెళ్ళండి. పోలరైజ్డ్ కళ్ళజోడు ఉంటే నీటి మెరుపు పోయి చేప స్పష్టంగా కనబడుతుంది. కుక్క గొలుసు మాత్రం వదలకండి. ఒడ్డున పడున్న పచ్చి సాల్మన్ తిన్న కుక్కకి వచ్చే జబ్బుకి వెంటనే వైద్యం చేయించకపోతే ప్రాణం పోతుంది.