నాణెం ఎగరేయడం కాలయాపన కాదు: సంభావ్యత పాఠంపై తిరుగుతున్న సందేశానికి ఖండన

పదో తరగతి, ఇంటర్ విద్యార్థుల తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో కొంతకాలంగా ఒక పొడవైన సందేశం చేతులు మారుతోంది. నల్లగొండలో నా దగ్గర గణితం చదువుకునే పిల్లలు దాన్ని నాకు చూపించారు. పాలమూరు వైపు పనిచేసే తోటి ఉపాధ్యాయులకూ అది చేరింది. సంభావ్యత (ప్రాబబిలిటీ), సాంఖ్యక శాస్త్రం (స్టాటిస్టిక్స్) సూత్రాలు బట్టీపడితే సరిపోయే అధ్యాయాలని, తరగతిలో నాణేలు ఎగరేయించడం, చీటీలు తీయించడం వట్టి కాలయాపన అని దాని సారాంశం. దానికి తోడు గుర్తుంచుకోవలసిన సత్యాలంటూ నాలుగు మాటలు చేర్చారు. వరుసగా బొమ్మలు పడితే సగటు సూత్రం (లా ఆఫ్ యావరేజెస్) ప్రకారం తర్వాత బొరుసు పడే అవకాశం పెరుగుతుందన్నది మొదటిది. ప్రతిరూపం, అంటే శాంపిల్, సమష్టిలో, అంటే మనం తెలుసుకోదలచిన మొత్తం గుంపులో, కనీసం పది శాతం ఉంటేనే ఫలితం నమ్మదగినదన్నది రెండోది. ప్రతిరూపంలో 30 అంశాలు దాటితే దత్తాంశం, అంటే సేకరించిన విలువలు, గంట ఆకారపు సామాన్య విభాజనంగా (నార్మల్ డిస్ట్రిబ్యూషన్) మారుతుందన్నది మూడోది. ప్రతిచయన విభాజనం అంటే ప్రతిరూప దత్తాంశానికి గీసిన రేఖాచిత్రమే అన్నది నాలుగోది. ఈ నాలుగూ తప్పులే. పైగా ఇవి ఏ అభ్యాసాలను ఆ సందేశం దండగ అంటున్నదో, సరిగ్గా ఆ అభ్యాసాలతోనే పోయే తప్పులు. అందుకే ఒక్కొక్కదానికీ వివరంగా సమాధానం చెప్పవలసి వస్తున్నది.

మొదటి మాట తీసుకుందాం. నాణేనికి జ్ఞాపకం ఉండదు. ఐదుసార్లు వరుసగా బొమ్మ పడడానికి సంభావ్యత 32లో 1 వంతు అన్నది నిజమే గానీ, ఆ ఐదూ పడిపోయిన తర్వాత ఆరోసారికి బొమ్మకూ బొరుసుకూ చెరి సగమే అవకాశం ఉంటుంది. ఆరు బొమ్మలు రావడానికైనా, ఐదు బొమ్మల తర్వాత ఒక బొరుసు రావడానికైనా సంభావ్యత 64లో 1 వంతే. మరి ఎక్కువసార్లు ఎగరేస్తే బొమ్మల నిష్పత్తి సగానికి దగ్గరవుతుందని పాఠ్యపుస్తకం చెబుతున్నది కదా అని పిల్లలు అడుగుతారు; అడగవలసిన ప్రశ్నే అది. దగ్గరవుతుంది, అయితే మొదట్లో ఎక్కువగా పడిన బొమ్మలకు తర్వాత పడే బొరుసులు బాకీ తీర్చడం వల్ల కాదు. ఆ హెచ్చు అలాగే ఉండిపోయినా, మొత్తం సంఖ్య పెరిగేకొద్దీ అందులో దాని వాటా చిన్నదైపోతుంది.

దక్షిణాఫ్రికాలో గణితం బోధించే జాన్ కెరిచ్ రెండో ప్రపంచ యుద్ధ కాలంలో డెన్మార్క్‌లో నిర్బంధంలో ఉండగా నాణేన్ని 10,000 సార్లు ఎగరేసి లెక్క రాసిపెట్టారు. బొమ్మలు 5,067 పడ్డాయి. సరిగ్గా సగం కంటే 67 ఎక్కువ, నిష్పత్తిలో మాత్రం తేడా ఒక శాతం కూడా లేదు. వంద సార్లు ఎగరేసినప్పుడు బొమ్మల సంఖ్యకు ప్రామాణిక విచలనం, అంటే సగటు నుంచి మామూలుగా ఉండే తేడా, 5; అది మొత్తంలో 5 శాతం. పదివేల సార్లకు అది 50, అంటే అర శాతం. సంఖ్యలో తేడా పదింతలు పెరిగింది, నిష్పత్తిలో తేడా పదో వంతుకు తగ్గింది. ఈ రెండు వాక్యాలను ఎన్నిసార్లు చదివినా మనసుకెక్కని విద్యార్థికి, తన చేత్తో రెండు వందల సార్లు ఎగరేసి ప్రతి ఇరవైకీ నిష్పత్తిని గ్రాఫు కాగితంపై గుర్తించుకుంటే ఎక్కుతాయి. ఎగరేసేటప్పుడు ఇంకొకటి కూడా తెలుస్తుంది: పదిసార్లు వేస్తే సరిగ్గా ఐదు బొమ్మలు పడే సంభావ్యత 1024లో 252, అంటే దాదాపు నాలుగో వంతు మాత్రమే.

పది శాతం నియమం అన్నిటికంటే ఎక్కువ హాని చేసేది, ఎందుకంటే వినడానికి అది సమంజసంగానే ఉంటుంది. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక మెతుకు పట్టి చూస్తే చాలునని మన ఇళ్లల్లో అంటారు. ఇంట్లో నలుగురికి వండినా, పెళ్లికి గుండిగల్లో వండినా, పట్టి చూసే మెతుకులు పాత్ర పరిమాణాన్ని బట్టి పెరగవు. గణితమూ అదే చెబుతుంది. ఒక అభిప్రాయానికి మద్దతు ఎంత శాతమో తెలుసుకోవడానికి యాదృచ్ఛికంగా 1000 మందిని అడిగితే, ఇలాంటి సర్వేలు వందలో సుమారు 95 సార్లు అసలు విలువకు అటూ ఇటూ 3 శాతం లోపే ఉంటాయి. 2011 జనగణన నాటి ఉమ్మడి నల్లగొండ జిల్లా జనాభా దాదాపు 35 లక్షలు, ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా జనాభా 40 లక్షలకు పైనే. రెండు చోట్లా అదే 1000 మంది, అదే 3 శాతం. అదే పది శాతం నియమాన్ని పాటిస్తే 500 మంది ఉన్న చిన్న ఊళ్లో 50 మందిని అడిగి ఊరుకుంటాం, అక్కడ తేడా అటూ ఇటూ 13 శాతం దాకా ఉంటుంది. ఉమ్మడి నల్లగొండలో మూడున్నర లక్షల మందిని అడగవలసి వస్తుంది, అక్కడ తేడా అర శాతంలో మూడో వంతు కూడా ఉండదు. ఒకే నియమం ఒకచోట చాలక, ఇంకోచోట అక్కరకు మించి పోతున్నది. లెక్కలోకి వచ్చేది ప్రతిరూపంలోని సంఖ్య, దాని వర్గమూలం. తేడాను సగానికి తగ్గించాలంటే ప్రతిరూపాన్ని నాలుగింతలు చేయాలి. సమష్టి మరీ చిన్నదైతే దాని పరిమాణం కూడా కొంత పనిచేస్తుందన్న మాట వాస్తవం, అయితే అది పది శాతం నియమానికి ఆధారం కాదు.

మెతుకు సామెతలో దాగిన షరతు ఒకటుంది: అన్నం కలిపి ఉండాలి. ధాన్యం కొనుగోలు కేంద్రాల్లో తేమ 17 శాతం మించకూడదని నిబంధన ఉంది కాబట్టి ఈ సంగతి మన రైతులకు తెలియనిది కాదు. ఎండ తగిలిన కుప్ప పైభాగం నుంచి ఎన్ని దోసిళ్లు తీసినా లోపలి తేమ తెలియదు. నాలుగు వైపులా, పైనా లోపలా తీసిన కొద్ది గింజలు అంతకంటే నిజం చెబుతాయి. అమెరికాలో 1936 అధ్యక్ష ఎన్నికలకు ముందు లిటరరీ డైజెస్ట్ పత్రిక సుమారు కోటి మందికి నమూనా బ్యాలెట్లు పోస్టులో పంపింది. 20 లక్షలకు పైగా తిరిగి వచ్చాయి. వాటి ఆధారంగా, అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ మీద పోటీచేసిన ల్యాండన్ గెలుస్తాడని చెప్పింది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాలలో 46 గెలిచాడు. చిరునామాలలో చాలా భాగం టెలిఫోన్, కార్ల జాబితాల నుంచి తీసుకున్నవి, పైగా జవాబిచ్చినవారు జవాబివ్వనివారి వంటివారు కాదు. ఎంపికలో పక్షపాతం ఉంటే సంఖ్య పెంచినందువల్ల ఆ తప్పు మరింత ధీమాగా చెప్పడమే జరుగుతుంది.

ఇక 30 సంగతి. దత్తాంశం ఎన్ని అంశాలకు పెరిగినా దాని ఆకారం సమష్టి ఆకారాన్నే పోలుతుంది. భూ కమతాల విస్తీర్ణం ఒక పక్కకు ఒరిగి ఉంటే, అంటే చాలా వరకు చిన్నవి, కొన్నే పెద్దవి అయితే, మూడు వేల కమతాలు రాసినా ఒరిగే ఉంటుంది. సామాన్య విభాజనానికి దగ్గరయ్యేది ప్రతిరూపాల సగటుల విభాజనం. అది కూడా 30 అనే గడప దాటగానే అయిపోదు. నూటికి ఒక గింజ మాత్రమే మొలవని విత్తనాల రాశి నుంచి 30 గింజలు తీసుకుంటే, అన్నీ మొలిచే సంభావ్యత దాదాపు 74 శాతం. అంటే అలాంటి ప్రతిరూపాలలో మూడొంతుల దాకా ఒకే విలువ దగ్గర పోగుపడి ఉంటాయి. అక్కడ గంట ఆకారం ఎక్కడిది?

నాలుగో మాట దగ్గర కాస్త నిలవాలి, ఎందుకంటే బాగా చదివే పిల్లలు కూడా తడబడేది ఇక్కడే. మూడు వేర్వేరు విభాజనాలున్నాయి: సమష్టిది, మన చేతికి వచ్చిన ఒక ప్రతిరూపానిది, అదే పరిమాణంలో రాగల ప్రతిరూపాలన్నిటి సగటులది. మూడోదాన్నే ప్రతిచయన విభాజనం అంటారు. టిఫిన్ డబ్బాలో 2, 4, 6, 8, 10 అని రాసిన ఐదు చీటీలు వేయండి. సగటు 6, విస్తృతి (వేరియన్స్, అంటే సగటు నుంచి ఉన్న తేడాల వర్గాల సగటు) 8. ప్రతి సంఖ్యా ఒక్కొక్కసారే ఉంది కాబట్టి సమష్టి ఆకారం చదునుగా ఉంటుంది. ఒక చీటీ తీసి, చూసి, తిరిగి వేసి, మళ్లీ ఒకటి తీసి రెండింటి సగటు రాయండి. ఏది ముందు వచ్చిందో కూడా లెక్కలోకి తీసుకుంటే ఇలా 25 జతలు సాధ్యం. సగటు 2 ఒక్క విధంగా వస్తుంది, 3 రెండు విధాలుగా, 4 మూడు, 5 నాలుగు, 6 ఐదు విధాలుగా వచ్చి, అక్కడి నుంచి అదే వరుసలో తగ్గి 10 మళ్లీ ఒక్క విధంగా వస్తుంది. చదునైన డబ్బాలోంచి పెంకుటింటి కప్పులాంటి ఆకారం లేచింది. దీని సగటు మళ్లీ 6, విస్తృతి మాత్రం 4, అంటే 8ని ప్రతిరూప పరిమాణం 2తో భాగించినంత. చీటీని తిరిగి వేయకుండా రెండు తీస్తే, ఏది ముందన్నది పట్టించుకోకుంటే, పదే జతలు, విస్తృతి 3కి తగ్గుతుంది. సమష్టి చిన్నదైనప్పుడు దాని పరిమాణం పనిచేస్తుందని పైన అన్నది ఇదే. ఒక్క ప్రతిరూపానికి రేఖాచిత్రం గీసి కూర్చుంటే ఈ కప్పు ఆకారం ఎన్నటికీ కనిపించదు.

చివరికి కాలయాపన అన్న మాట. సూత్రాలు అక్కర్లేదని నేను అనడం లేదు. ఇంటర్ రెండో సంవత్సరంలో ద్విపద, పాయిజాన్ విభాజనాలకు అవి కంఠతా రావాలి. కానీ ఆ సూత్రాలు ఎక్కడి నుంచి వచ్చాయో చూడండి. డబ్లిన్‌లోని గిన్నెస్ బీరు కర్మాగారంలో పనిచేసే విలియం గాసెట్ 1908లో చిన్న ప్రతిరూపాల మీద తన పరిశోధనను 'స్టూడెంట్' అనే మారుపేరుతో ప్రచురించడానికి, 3,000 మంది నేరస్థుల ఎత్తును, ఎడమచేతి నడిమి వేలి పొడవును అట్టముక్కల మీద రాసి, బాగా కలిపి, నాలుగేసి చొప్పున తీసి 750 ప్రతిరూపాలు తయారుచేసుకున్నాడు. తన గణితం సరైనదో కాదో ఆ అట్టముక్కలతోనే సరిచూసుకున్నాడు. మన పిల్లలకు మూడు వేలు అక్కర్లేదు. విత్తే ముందు రైతులు తడి గోనెసంచిలో వంద గింజలు చుట్టి మొలక శాతం చూసే పద్ధతి మన ఊళ్లలో ఉన్నదే. వరి విత్తనానికి కనీస మొలక ప్రమాణం 80 శాతం. నిజంగా 80 శాతం మొలిచే రాశి నుంచి వంద గింజలు వేస్తే, ఇలాంటి పరీక్షలు వందలో సుమారు 95 సార్లు 72 నుంచి 88 మొలకల దాకా చూపిస్తాయి. 25 గింజలే వేస్తే 64 శాతం నుంచి 96 శాతం దాకా ఎక్కడైనా తేలవచ్చు. తరగతిలో నలభై మంది ఇంటి దగ్గర తలా 25 గింజలు వేసి, వారం తర్వాత లెక్కలు తెచ్చి నల్లబల్ల మీద చుక్కలుగా పెడితే, పరీక్షకు రెండు పీరియడ్లు తగ్గుతాయేమో గానీ, పక్కవాడి సంచిలో 23 మొలిచి తన సంచిలో 18 మొలిచినప్పుడు విత్తనం మారిందా, మారలేదా అన్న ప్రశ్న వాళ్ల నోటి నుంచే వస్తుంది.