వాలుగ చేప దవడకు బడిలో చోటు లేదట

గత నెలలో మా అమ్మాయి తరగతిలో ఒక పిల్ల జామెట్రీ బాక్సులో వాలుగ చేప దవడ పెట్టుకుని బడికి వచ్చింది. అరచేతిలో ఇమిడేంత ఎముక, అంచు పొడవునా దువ్వెన పళ్ళకంటే సన్నటి పళ్ళు. టీచరమ్మ చూసి ముక్కు మూసుకుని, "చేప ఎముకలు బడికి తెస్తారా ఎవరైనా? బయట పారేసి రా" అన్నారట. ఆ పిల్ల పారేయలేదు, అన్నం డబ్బా సంచిలో దాచుకుంది. అది తన నాయనమ్మది మరి. ఆమె పొందూరులో నూలు వడుకుతుంది.

అంతకు ముందు రోజే ఏడో తరగతి పిల్లలను యాత్రకు తీసుకువెళ్ళారు. తలకు 1,800 రూపాయలు. తెల్లవారుజామున ఐదింటికి శ్రీకాకుళంలో బస్సెక్కించి, విశాఖలో నీళ్ళ పార్కు, ఆ తర్వాత ఒక షాపింగ్ మాల్ చూపించి, రాత్రి పదిన్నరకు దింపారు. ఇంటికి పంపిన చీటీలో మాత్రం 'విజ్ఞాన విహారయాత్ర' అని ఉంది. ఏం చూశావమ్మా అని అడిగితే మా అమ్మాయి పావుగంట సేపు ఎస్కలేటర్ గురించి చెప్పింది. పిల్లలు నీళ్ళలో ఆడుకుంటే నాకేమీ కడుపుమంట లేదు. ఆడుకోవాలి కూడా. అయితే ఆ విజ్ఞానం అనే మాట కొట్టేసి విహారం అని రాసి ఉంటే సరిపోయేది.

డబ్బు కట్టలేని వాళ్ళు తరగతిలో పదకొండు మంది. ఆ రోజు వాళ్ళను బడికి రావద్దన్నారు. మర్నాడు ఎందుకు రాలేదని తోటి పిల్లలు అడిగితే ఒకరికి జ్వరం, ఒకరికి పెళ్ళి, ఒకరికి కడుపునొప్పి. పన్నెండేళ్ళకే అబద్ధం ఎలా ఆడాలో ఆ యాత్ర పదకొండు మందికి నేర్పింది. ఈ దవడ పిల్ల ఆ పదకొండు మందిలో ఒకతె. ఇంట్లో ఊరికే కూర్చోలేక నాయనమ్మ దగ్గరకు పోయి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా పత్తి దువ్వింది.

పొందూరు సన్న ఖద్దరు పేరు అందరికీ తెలుసు. అది ఎలా తయారవుతుందో శ్రీకాకుళంలోనే చాలామందికి తెలియదు. గింజ తీయక ముందే పత్తిని ఈ దవడతో దువ్వుతారు. ఆ పళ్ళ మధ్య చెత్త ఆగిపోతుంది, పోగులన్నీ ఒక వరుసకు వస్తాయి. ఆ తర్వాతే గింజ తీయడం, ఏకడం, వడకడం. ఇనుప దువ్వెన ఎందుకు వాడరు? చేప పళ్ళలో ఉన్న ప్రత్యేకత ఏమిటి? ఒక్క దవడలో సైన్సు, సాంఘికం రెండూ ఉన్నాయి. ఆ పాఠం జామెట్రీ బాక్సులో నడిచి వస్తే పారేయమన్నాం.

టీచరమ్మ ఒక్కరినే అని లాభం లేదు. తల్లిదండ్రుల సమావేశంలో నేను లేచి, వచ్చే ఏడాది బౌద్ధ స్తూపాల శిథిలాలున్న శాలిహుండం తీసుకువెళ్ళండి, సుమారు ఇరవై కిలోమీటర్లే కదా అన్నాను. పక్కనున్న పెద్దమనిషి నవ్వి, "అక్కడ చూడడానికి ఏముంది సార్, ఇటుకలే కదా" అన్నారు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను, సిగ్గులేకుండా.

1992లో ఆ ఇటుకల దగ్గరకే మా సాంఘికం మాస్టారు మమ్మల్ని సైకిళ్ళ మీద తీసుకువెళ్ళారు. ఎనిమిదో తరగతి. కొండ మీద నుంచి వంశధారను చూపించి, బౌద్ధులు ఇక్కడే ఎందుకు ఉన్నారో మీరే చెప్పండి అని వదిలేశారు. తర్వాత ముడులు వేసిన తాడు ఇచ్చి గుండ్రటి స్తూపం చుట్టుకొలత, అడ్డుకొలత తీయించారు. భాగిస్తే 3.2 వచ్చింది. 22/7 రాలేదేమిటి సార్ అని అడిగాం. "ఇటుక అరిగిందో, మీ తాడు సాగిందో రేపు చెప్పండి" అన్నారు. ఆ రేపటికి జవాబు నా దగ్గర ఇప్పటికీ లేదు. ఆ పూటకు ఖర్చయింది మాత్రం మరమరాలకూ బెల్లానికీ.

ఆ శాలిహుండం శిథిలాలను 1919లో వెలుగులోకి తెచ్చింది గిడుగు రామమూర్తి. పర్లాకిమిడిలో బడిపంతులు. ముఖలింగం గుడి శాసనాలను పట్టుకుని పాత లిపి తనకు తానే నేర్చుకున్నారు. సవర గిరిజనుల మధ్య తిరిగి వాళ్ళ భాష నేర్చుకుని వాళ్ళ పిల్లలకు బడులు పెట్టారు. మా బడిలో ఏటా ఆగస్టు 29న ఆయన పటానికి దండ వేసి, పిల్లలచేత కంఠస్థం చేసిన ఉపన్యాసం చెప్పిస్తారు. ఆయన పుట్టిన పర్వతాలపేట, ముఖలింగం ఈ జిల్లాలోవే. ఆ ఉపన్యాసం చెప్పే పిల్లల్లో ఎందరు వాటిని చూశారని అడిగితే ఒక్క చెయ్యి లేచింది. అదీ పెళ్ళికి వెళ్ళినప్పుడట.

టెక్కలి దగ్గర తేలినీలాపురం సంగతీ ఇంతే. చింతచెట్ల మీద గూళ్ళు కట్టే గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు సైబీరియా నుంచి వస్తాయని అందరూ అంటారు. నిజానికి ఈ రెండు జాతులకూ సైబీరియాతో సంబంధం లేదు, రెండూ మన దక్షిణాసియా పక్షులే. ఈ మాట ఎక్కడ పుట్టింది, ఎలా పాకింది అని నలభై మంది పిల్లలచేత ఊళ్ళో ఆరా తీయిస్తే ఎంత బాగుంటుంది!

పంతుళ్ళ బాధ నాకు తెలియనిది కాదు. కళింగపట్నం సముద్రంలో ఒక్క పిల్లవాడు కాలు జారితే ఆ మాస్టారి బతుకు ముగిసినట్టే. ఆడపిల్లలకు దారిలో మరుగుదొడ్డి ఎక్కడ అన్న ప్రశ్నకు చాలా చోట్ల జవాబు లేదు. నీళ్ళ పార్కులో అది ఉంది, అందుకే అక్కడికి వెళతామని ఒక టీచర్ నాతో నిజం చెప్పారు. ఆ మాటకు నేను ఎదురు చెప్పలేకపోయాను. 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పది రోజులు పుస్తకాల సంచి లేకుండా స్థానిక వృత్తిపనివారి దగ్గర నేర్చుకోమంది. మరుగుదొడ్డి సంగతి తేల్చకుండా ఆ పది రోజులు కాగితం దాటవు.

కిందటి ఆదివారం మా అమ్మాయినీ ఆ పిల్లనూ బండి మీద పొందూరు తీసుకువెళ్ళాను. నాయనమ్మ మా అమ్మాయి చేతిలో దవడ పెట్టి, వేళ్ళు తన వేళ్ళతో పట్టుకుని దువ్వించింది. తరగతి మొత్తం వస్తే చూపిస్తావా అమ్మా అని అడిగాను. ఆమె వీధి అరుగు వైపు చూసి లెక్క వేసుకుంది. "నలభై మంది ఒకేసారి వద్దు బాబూ, నీడ చాలదు. ఇరవై మందిని తీసుకురా, మిగతా ఇరవై మంది మర్నాడు. పది గంటల లోపు రావాలి, తర్వాత నాకు పనుంది. మరుగుదొడ్డి మా ఇంట్లో ఉంది, పక్కింట్లోనూ ఉంది" అంది. డబ్బు మాట ఎత్తితే కసిరింది.

సోమవారం వెళ్ళి హెడ్మాస్టరు గారికి అంతా చెప్పాను. డైరీలో రాసుకున్నారు.